బోటు మీద ఎల్ఫుల అక్షరాలు

ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకు పేర్లు, నంబర్లు రాయడం నా పని. తెలుగు, ఇంగ్లీషు, ఒకటి రెండుసార్లు ఒడియా కూడా రాశాను. నాకు చదవడం రాని భాషైతే, అది వచ్చినవాళ్లు పక్కన ఉండేవారు. ఆ అమ్మాయి కాగితం తెచ్చిన రోజు మాత్రం ఏది పైనో, ఏది కిందో కూడా తెలియలేదు.

ఆమె నాకు బాగా తెలిసిన బోటు ఓనరు కూతురు. రుషికొండలో కంప్యూటరు ఉద్యోగం. వేట నిషేధం రోజులవి. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఆమె తండ్రి కొత్తగా కట్టించిన బోటుకు ఒకవైపు గంగమ్మ తల్లి పేరు రాసేశాను. ఈ కాగితం రెండో వైపుకు. నిలువు గీతలకు పొట్టలు అతికించినట్టున్న అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు.

"ఉర్దూనా అమ్మా?" అన్నాను.

"కాదు బాబాయ్. కథల్లో ఎల్ఫులని ఉంటారు, సావు లేనోళ్లు. ఆళ్ల భాష. ఎవరో కూకుని కల్పించిందే. నాను నేర్సుకుంతన్నాను."

"ఏటి రాసుంది ఇందులో?"

"సముద్రం అని. గంగమ్మ తల్లి అనే రాద్దామనుకున్నాను. ఆళ్లకి గంగమ్మ లేదు."

తండ్రి నవ్వాడు. "సముద్రం మీద పోయే బోటుకి సముద్రమని పేరేటే?" అని, నా వైపు తిరిగి, "రాసీ తమ్ముడూ, దాని ముచ్చట" అన్నాడు.

సుద్దముక్కతో గీసుకుని, నీలం ఎనామిల్‌తో దిద్దాను. తెలిసిన అక్షరమైతే చెయ్యి దానంతట అదే తిరుగుతుంది. ఇక్కడ ప్రతి వంపు దగ్గరా ఆగి కాగితం చూడాల్సి వచ్చింది. పూర్తయ్యాక ఆమె వచ్చి చూసింది.

"సుక్కలు పక్కక్షరం మీద పడ్డాయి బాబాయ్."

కాగితం చూపించాను. అందులోనూ అలాగే ఉన్నాయి. అప్పుడు ఆమెకే అనుమానం వచ్చింది. ఆ చుక్కలు మన గుణింతం లాంటివట. ఎల్ఫులకు రెండు భాషలట. ఒక భాషలో అచ్చు గుర్తును ముందున్న హల్లు మీద పెడతారు, రెండో భాషలో తర్వాతి హల్లు మీద. ఈమె ఒక భాష మాటను తీసుకుని రెండో భాష పద్ధతిలో రాసేసింది.

"అయితే ఇప్పుడిది ఏమవుతాది?" అన్నాను.

"ఏటీ అవదు."

తనలాగే ఈ భాష నేర్చుకుంటున్న ఆఫీసు స్నేహితుడికి ఫోటో పంపి ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టింది. ఇప్పుడున్నదే సరైనదన్నాడు అతను. కాదంది ఈమె. లేని మనుషుల భాష గురించి ఇద్దరు ఉన్న మనుషులు దెబ్బలాడుకుంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక నేను బ్రష్ పట్టుకుని నిలబడ్డాను.

"మీరు తేల్సుకునేలోపు ఏట నిషేధం ఎత్తేత్తారు" అన్నాడు తండ్రి.

చివరికి చుక్కలన్నీ తుడిచేయమంది. హల్లులు చాలట, తెలిసినవాళ్లు అచ్చులు పోల్చుకుంటారట. థిన్నర్ గుడ్డతో తుడుస్తూ మన తెలుగును అలా రాస్తే ఎలా ఉంటుందా అని ఆలోచించాను. మన, మీను, మేను, మౌని అన్నీ ఒకటే అయిపోతాయి.

వేట మొదలయ్యాక ఆ బోటుకు వరసగా రెండు మూడుసార్లు మంచి చేప పడింది. మరో ఓనరు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

"బావా, ఆ మంత్రం నా బోటుకీ రాయి."

"మంత్రం కాదు."

"మరేటి?"

సముద్రం అనబోయి ఆగాను. చుక్కలు తుడిచాక అది సముద్రమేనా? అమ్మాయికి ఫోన్ చేశాను. కంగారు పడింది. "రాయకండి బాబాయ్. అది సరిగ్గుందో లేదో నాకే తెలీదు."

అదే మాట ఆయనకు చెప్పాను.

"అర్థం తెలిసిపోతే మంత్రమేటి? నువ్వు రాయెహె" అన్నాడు.

మొదటి బోటు చూసి, వంపు వంపుకీ ఆగుతూ రాశాను. ఆయన దాని ముందు కొబ్బరికాయ కొట్టి దండం పెట్టుకున్నాడు. నన్నూ పెట్టమన్నాడు. బ్రష్ డబ్బా మీద ఉంచి, నేనూ దండం పెట్టాను.