ఖాళీగా తెచ్చిన క్యారేజి

నా చిన్నప్పుడు చేసిన ఒక తప్పును ఇన్నేళ్ళూ కడుపులోనే దాచుకున్నాను. జైల్లో ఉన్న మనిషికి మనసు చెదిరిందంటే నాటకమని కొట్టిపారేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కనీసం ఆ మనిషి ఇంటివాళ్ళయినా చదువుతారని ఇది రాసి పెడుతున్నాను. బడిలో నేను చదివింది ఏడో తరగతి వరకే. తక్కిన చదువంతా మా ఊరి గ్రంథాలయం బల్ల దగ్గరే అబ్బింది. తిండి మానెయ్యటం, నిద్ర పట్టకపోవటం మనసు జబ్బుకు గుర్తులు కావచ్చని అక్కడే ఒక ఆరోగ్య పుస్తకంలో చదివాను. ఆ రోజు తల ఎత్తలేకపోయాను.

ఎనభైల్లో మేము గురజాలలో ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళు. రెండు పార్టీల కొట్లాటలో మా బాబాయి పేరు కూడా కేసులో రాశారు. బెయిలు రాక సబ్‌జైల్లో ఉన్నాడు. ఇంటి అన్నం పంపుకోవచ్చన్నారు. మగవాళ్ళు వెళ్తే ఎదుటి పార్టీ కంటపడతారని భయం. మా నాయనమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆడపిల్ల జోలికి ఎవరూ రారని క్యారేజి నా చేతికిచ్చేది.

మొదటి వారం బాగానే తిన్నాడు. తర్వాత ఒకరోజు మూత కూడా తియ్యలేదు. నేల వంక చూస్తూ, "తినబుద్ధి కాట్లేదే. అమ్మకి చెప్పమాక, ఏడుస్తది. నువ్వు తినెయ్యి" అన్నాడు.

నేను తిన్నాను. కోర్టు వెనక నాపరాళ్ళ గోడ చాటున కూర్చుని కోడిగుడ్ల పులుసు, అన్నం మొత్తం తిన్నాను. మా ఇంట్లో గుడ్డు ముందు మగవాళ్ళ పళ్ళెంలోకే వెళ్ళేది. చేతిపంపు దగ్గర గిన్నెలు కడుక్కుని ఇంటికెళ్తే నాయనమ్మ మూత తీసి మురిసిపోయింది.

"చూశావటే, మెతుకు మిగల్చలా! ఆకలికి ఆగలేకపోతన్నాడు నా బిడ్డ" అని మర్నాడు ఇంకో గుడ్డు ఎక్కువ వేసింది.

పది రోజులు అలాగే గడిచాయి. బాబాయి చిక్కిపోవటం చూస్తూనే ఉన్నాను. ఒకరోజు తనలో తనే ఏదో మాట్లాడుకుంటూ నన్ను గుర్తుపట్టలేదు. అయినా ఇంట్లో చెప్పలేదు. ఆయనే వద్దన్నాడు కదా అని సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. రేపు కూడా తినకపోతే బాగుండునని అనుకునేదాన్ని. ఈ మాట కాగితం మీద పెట్టటానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది.

ఒక మధ్యాహ్నం బాబాయి తన ప్రాణం తానే తీసుకోబోయాడు. జైలు జవాను ఒకాయన సమయానికి చూసి ఆపాడు. ఆస్పత్రిలో చేర్చారు. ఎన్నాళ్ళ నుంచి తినటం లేదని డాక్టరు అడిగితే, "అదేంది బాబూ, శుభ్రంగా తింటన్నాడు. రోజూ క్యారేజి ఖాళీగానే వస్తంది" అంది నాయనమ్మ.

"ఖాళీగానా? మా గేటు దాటి బయటికెళ్ళేటప్పుడు నిండుగానే ఉండేది గదమ్మా" అన్నాడు జవాను. ఇద్దరూ నా వైపు చూశారు.

నాయనమ్మ నన్ను కొట్టలేదు. ఆస్పత్రి మెట్ల మీద పక్కన కూర్చోబెట్టుకుంది. "నువ్వు తిన్నందుకు కాదే నా బాధ. ఆడక్కడ నలిగిపోతంటే పది రోజులూ నేను నవ్వుకుంటా కూర్చున్నా. ముట్టకపోతే ముట్టలేదనే చెప్పు. ఏడిస్తే ఏడుస్తా. నా ఏడుపు నాకు రానియ్యి."

బాబాయిని మళ్ళీ జైలుకు తీసుకెళ్ళాక క్యారేజి నా చేతికే ఇచ్చింది. నన్ను ఇంకా నమ్మింది. ఆ రోజు ఆయన రెండు ముద్దలే తిన్నాడు. మిగిలింది మిగిలినట్టే తెచ్చి చూపించాను. నాయనమ్మ ఏడ్చింది. ఏడ్చి, ముఖం కడుక్కుని, రిక్షా మాట్లాడుకుని వకీలు ఇంటికి బయలుదేరింది. "నా కొడుక్కి మనసు బాగాలేదు, గుంటూరులో చూపించాల" అని ఆయన గుమ్మంలో కూర్చుంది. కోర్టు అనుమతి వచ్చేదాకా రోజూ వెళ్ళింది. మందులు మొదలయ్యాక బాబాయి నెమ్మదిగా మనిషయ్యాడు.

ఆనాటి నుంచి, బాధలో ఉన్నవాళ్ళు ఎవరైనా "ఇంట్లో చెప్పొద్దు" అంటే నేను ఒప్పుకోను. వాళ్ళకు కోపం వచ్చినా సరే, చెప్తాను.

గేటు దగ్గర చూసింది చూసినట్టు చెప్పిన ఆ జవానుకు, ఒక్క పైసా తీసుకోకుండా కోర్టు చుట్టూ తిరిగిన వకీలుగారికి, నాకు పుస్తకాలు వెతికి ఇచ్చిన గ్రంథాలయం అక్కకు, మా నాయనమ్మకు దండాలు. రాసినదంతా బాబాయికి చదివి వినిపించాను. ఆయనకిప్పుడు డెబ్భై దాటాయి. చివరిదాకా విని, "నా పేరు రాయలేదేందే? నాకేం సిగ్గు లేదు, రాయి" అన్నాడు.

ఆయన పేరు రాస్తే నేనెవరో తెలిసిపోతుంది. ఆ ధైర్యం నాకింకా రాలేదు.