వాసన గురించి ఎవరూ మాట్లాడలేదు

భీమడోలు దాటి వంతెన ఎక్కుతుండగా యాక్సిలరేటర్ నొక్కాను. ఇంజను గొంతు చించుకుంది గానీ కారు మాత్రం అలిగిన పెళ్లికొడుకులా ముందుకు కదలనంది. ఏదో కొంప మునుగుతోందని నాకు మొదట అనిపించింది సరిగ్గా అప్పుడే. ఆ రోజుల్లో నాకు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏదో ఒకటి మునుగుతున్నట్టే ఉండేది (పిల్లాడు తుమ్మితే నిమోనియా, పిల్ల అన్నం మానేస్తే కామెర్లు, మావారు ఫోనెత్తకపోతే ఇక చెప్పనే అక్కర్లేదు). అందువల్ల నా అనుమానాలకు ఇంట్లో విలువ పోయింది. నాకే వాటి మీద గౌరవం పోయింది. అందుకని ఏమీ అనకుండా గేరు తగ్గించాను. అంతలో ముక్కుకు కాలిన వాసన తగిలింది. దాని గురించీ ఏమీ అనలేదు. అనకపోవడానికి వేరే కారణం ఉంది.

మా మావయ్యగారు పోయిన మూడో రోజది. అస్థికలు గోదావరిలో కలపడానికి ఏలూరు నుంచి సిద్ధాంతం రేవుకు వెళుతున్నాం. నా పక్క సీట్లో మావారు, ఆయన ఒళ్లో కొత్త గుడ్డ కట్టిన మట్టి ముంత. గోదావరి చేరేదాకా ఆ ముంత నేలకు ఆనకూడదు. మళ్లీ ఇంటి గడప లోపలికి రాకూడదు. పొద్దుగుంకే లోపు నీళ్లలో కలపలేకపోతే తెల్లారేదాకా ఏ చెట్టు కొమ్మకో కట్టి ఉంచాలి. ఈ నియమాలన్నీ వెనక సీట్లో కూర్చున్న మావయ్యగారి చెల్లెలు బయల్దేరే ముందే చెప్పారు. "మా అన్నయ్య తన మంచం మీద తప్ప కన్ను మూయని మనిషి. పెళ్లిళ్లకెళ్లినా రాత్రికి ఇంటికొచ్చేసేవాడు. ఊరు కాని ఊళ్లో చెట్టుకి వేలాడదీస్తే నేను చూళ్లేనర్రా" అని కళ్లొత్తుకున్నారు. అద్దె కారు మాట్లాడదామని మావారు అంటే "వాడు ఇంకోళ్ల కారెక్కి ఎరుగునా?" అని ఆ ముక్కా కొట్టిపారేశారు. కర్త చేతుల్లో ముంత ఉంది కనక మావయ్యగారి కారు స్టీరింగు నా చేతికొచ్చింది.

నాకు డ్రైవింగ్ నేర్పింది కూడా మావయ్యగారే. పెదపాడు అవతల ఆయన చేపల చెరువుల గట్ల మీద నేర్పారు. గట్టు వెడల్పు సరిగ్గా కారంత. అటు చెరువు, ఇటు చెరువు, ఎదురుగా మేత బస్తాలతో ఓ ట్రాక్టరు. "కాలు క్లచ్ మీంచి తియ్యకమ్మా. సగం నొక్కి ఉంచు. మన గట్ల మీద బండి నడిపించేది క్లచ్చే" అనేవారు. గట్టు మీద అది ప్రాణాలు కాపాడే మాట. అయితే ఆయన ఏలూరు బజార్లోనూ అలాగే నడిపేవారు, హైవే మీదా అలాగే నడిపేవారు. ఆయన శిష్యురాలినైన నేను భీమడోలు దాకా ఎడమ కాలిని క్లచ్ మీద, చంటిపిల్లను జోకొడుతున్నట్టు, ఆనించే వచ్చాను. విచిత్రం ఏమిటంటే మా చుట్టాల్లో ఎవరి కారుకు జబ్బు చేసినా డాక్టరు ఆయనే. పెళ్లి భోజనాలయ్యాక జనం తాంబూలాలు తీసుకుంటుంటే ఈయన బయట ఎవరి కారులోనో తల దూర్చి ఉండేవారు. "చేతి బ్రేకు లాగు. మూడో గేరులో పెట్టు. ఇప్పుడు క్లచ్ మెల్లిగా వదులు. ఇంజను ఠక్కున ఆగిపోయిందా, నీ క్లచ్ శుభ్రంగా ఉంది. ఆగకుండా తిరుగుతోందా, అరిగిపోయినట్టే" అని తేల్చేసేవారు. తన కారుకు మాత్రం ఆ పరీక్ష ఎప్పుడూ పెట్టుకోలేదు. డాక్టర్లందరూ అంతేనేమో.

వాసన పెరుగుతూ వచ్చింది. పిన్నిగారు (మావయ్యగారి చెల్లెల్ని నేను అలాగే పిలుస్తాను) ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, ఎవరూ అడక్కుండానే, "గూడెం వచ్చేస్తోందిగా, మిల్లుల్లో ఊక కాలుస్తుంటారు" అన్నారు. తాడేపల్లిగూడెం ఇంకా చాలా దూరం ఉంది. కాసేపటికి మావారు, "చేలల్లో గడ్డి తగలబెడుతున్నట్టున్నారు" అన్నారు. రోడ్డుకు రెండు వైపులా వరి పచ్చగా నవనవలాడుతోంది. నేను "అవునండి, గడ్డేనండి" అన్నాను. అంటూ ఓరగా చూస్తే ఆయన అరచెయ్యి ముంత అడుగున పెట్టి, తీసి, మళ్లీ పెడుతున్నారు. నేను ఏ మాట అనుకుని నోరు కుట్టేసుకున్నానో ఆయనా అదే అనుకుంటున్నారన్నమాట. ఈలోగా రేవులో ఉన్న పంతులుగారు ఫోను చేశారు. స్పీకర్లో పెట్టాను. "ఎంతవరకూ వచ్చారండీ? సూర్యుడు మనకోసం ఆగడు కదండీ" అన్నారు చాలా మృదువుగా. మా వైపు కంగారు కూడా అండీలతోనే పెడతారు.

గూడెం పొలిమేరలో బండి పూర్తిగా మొండికేసింది. ఇంజను హోరు ఆకాశంలో, ముల్లు ఇరవైలో. సైకిలు మీద ఒకాయన మమ్మల్ని దాటుకుని వెళుతూ జాలిగా చూశాడు. పక్కకు తీసి ఆపాను. బానెట్ కింద నుంచి సన్నగా పొగ. అప్పుడు పిన్నిగారు భోరుమన్నారు.

"ఒరే, మా అన్నయ్య ఇంకా చల్లారలేదురా! చితి మీద పాలు సరిగ్గా చల్లారో లేదో! భీమడోలు కాణ్ణించీ కాలుతున్నాడురా!"

"ముంత చల్లగానే ఉందత్తా! ఇప్పటికి పదిసార్లు చూశాను" అన్నారు మావారు.

"అంటే నీకూ వచ్చిందా వాసన?"

"వచ్చింది. ఎలా అనను? ఏమనను?"

"నాకూ వచ్చింది పిన్నిగారూ" అన్నాను.

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. నవ్వు ఎవరికి ముందొచ్చిందో తెలీదు గానీ, చావు జరిగిన ఇంటి మనుషులం, హైవే పక్కన ముంత ఒళ్లో పెట్టుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వాం. ఆ నవ్వు తగ్గాక నేను చేతి బ్రేకు లాగి, మూడో గేరులో పెట్టి, క్లచ్ మెల్లిగా వదిలాను. ఇంజను ఆగాలి. ఆగలేదు. నిక్షేపంలా తిరుగుతూనే ఉంది. వచ్చిన వాసన ఆయనది కాదు, ఆయన క్లచ్‌ది.

"ఆగాల్సింది ఆగదు, ఆగకూడనిది ఆగిపోతుంది. ఏం రోజులమ్మా ఇవి" అన్నారు పిన్నిగారు.

మావారు ముంత మీద గుడ్డ సర్దుతూ, నాతో కాదు, పిన్నిగారితో కాదు, "నాన్నగారు మేడ మెట్ల మీద సగంలో ఆగేవారు. కుండీలో మొక్క చూస్తున్నట్టు నటించేవారు. నాలుగు నెలల్నుంచీ చూస్తున్నాను" అన్నారు.

"నేనూ చూశాన్రా. ఏంటన్నయ్యా అంటే ఏమనుకుంటాడోనని ఊరుకున్నా" అన్నారు పిన్నిగారు.

ఆ మొక్కకు నీళ్లు పోసేది నేను. ఆయన ఆయాసం తీర్చుకునేదాకా నేనూ కింద చెంబు పట్టుకుని, కనపడకుండా, మర్యాదగా నిలబడేదాన్ని. గుండెల్లో పట్టేసినట్టుంటే గ్యాస్ అని ఆయనే అనేవారు, మేమూ గ్యాసే అనుకున్నాం. గూడెం మిల్లుల్లో ఊక అనుకున్నట్టే.

పొద్దు వాలిపోతోంది. మావారు ముంతను గుండెకు హత్తుకుని రోడ్డు మీదికెళ్లి చెయ్యెత్తారు. కార్లేవీ ఆగలేదు (ముంత పట్టుకున్న ఆ వేషం చూస్తే నేనైనా ఆపేదాన్ని కాదు). ఆగింది కొల్లేటి చేపల లారీ. వెనక ఐసు కరిగి ధారగా కారుతోంది. డ్రైవరు తల బయటికి పెట్టి, "ఎవరు బాబూ పోయింది?" అన్నాడు.

"మా నాన్నగారండి. సిద్ధాంతం రేవులో దింపుతారా?"

"ఆ దారినే కదండీ పోతున్నాం. ఎక్కండి. చేపల బండని ఏమీ అనుకోరు కదా?"

"ఆయన బతుకంతా చేపలేనండి" అన్నారు మావారు. క్లీనరు కిందికి దిగి, ముంత నేలకు తగలకుండా మావారిని నడుం పట్టుకుని పైకెక్కించాడు.

పిన్నిగారూ నేనూ కారు దగ్గరే ఉండిపోయాం. లారీ కనుమరుగయ్యాక కూడా రోడ్డు మీద తడి చార కనపడుతూనే ఉంది. నాకు డ్రైవింగ్ నేర్పినాయన్ని చివరిదాకా తీసుకెళ్లలేకపోయానే అని ఏడ్చాను. పిన్నిగారు నా వీపు నిమురుతూ, "ఊరుకో అమ్మాయ్. సగం దారి తెచ్చావు. మిగతా సగం చేపలు తీసుకెళ్తాయి" అన్నారు. ఎండ ఇంకా కొబ్బరాకుల చివర్ల మీద ఉండగానే మావారి ఫోను వచ్చింది. "అయిపోయింది. నీళ్లు చల్లగా ఉన్నాయి" అన్నారు.

మర్నాడు పొద్దున మా అత్తయ్యగారు వంటింటి గుమ్మంలో కూర్చుని ఉన్నారు. పిల్లలు ఆవిడ పక్కనే ఇడ్లీ తింటున్నారు. నన్ను చూడగానే చిన్నది గట్టిగా, "అమ్మా, నాయనమ్మ బీపీ మాత్ర వేసుకోలేదు. కొంగులో ముడేసి దాచేసింది!" అంది. పెద్దాడు దాని తొడ మీద గిల్లాడు. "పెద్దవాళ్ల మీద చాడీలు చెప్పకూడదు. అమ్మే చెప్పిందిగా" అన్నాడు. నిజమే, చెప్పాను. పెంపకం అంటే అదేననుకునేదాన్ని ఆ రోజుల్లో. వాడి బుగ్గ నిమిరి, చిన్నదాన్ని ఒళ్లోకి లాక్కుని ఇద్దరికీ చెప్పాను: "ఇవాళ్టి నుంచి మనింట్లో చాడీలు చెప్పొచ్చు నాన్నా. పెద్దవాళ్ల మీద ఇంకా గట్టిగా చెప్పొచ్చు. ముందు వెళ్లి నాయనమ్మ కొంగు ముడి విప్పండి, నేను మంచినీళ్లు తెస్తాను."