ఎనిమిదో నంబరు చెప్పులు

నా భార్య పోయిన పదో రోజున నేను ఆమెకు చెప్పులు కొన్నాను. బతికుండగా ఒక్క జత కూడా కొనివ్వలేదు.

మా వైపు పెద్దకర్మ నాడు పురోహితుడికి గొడుగు, చెప్పులు, చెంబు, దుప్పటి దానమిస్తారు. పోయిన మనిషి నడవాల్సిన దారి నిండా రాళ్ళూ ముళ్ళేనని, పైన కాసే ఎండకు నీడే ఉండదని, ఇక్కడ ఇచ్చింది అక్కడ అందుతుందని నమ్మకం. నమ్మకం ఆమెది, నాది కాదు. నేను ముప్పై ఏళ్ళు సర్వేయరుగా చేసినవాణ్ణి. సర్వే చేసేవాడికి సర్వేశ్వరుడితో పనేమిటని ఆఫీసులో జోకు వేసేవాణ్ణి. ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. ఇంటికొచ్చి చెబితే ఆమె కూడా నవ్వేది కాదు. నా తరఫున తనే లెంపలేసుకుని కాఫీ కలపడానికి లేచిపోయేది.

చివరి రోజుల్లో ఆమె అడిగింది ఒక్కటే.

"ఏమయ్యా, నువ్వు నమ్మితే నమ్ము, లేకపోతే మానుకో. నాకు మాత్రం అన్నీ సక్రమంగా సెయ్యి. మనకి పిల్లోళ్ళు లేరు. నువ్వు సెయ్యకపోతే ఎవురు సేస్తారు?"

సరేనన్నాను. అంతకుముందు చాలా వాటికి సరేనని చేయకుండా వదిలేసిన చరిత్ర నాకుంది కాబట్టి, దీన్నయినా వదలకూడదనుకున్నాను.

తిరుపతి బజారులో చెప్పుల అంగడికి వెళ్ళాను. అంగడాయన "సైజెంత సార్?" అన్నాడు. ఆమె వాడిన చెప్పులు చూసి చెబుదామంటే, ఆమె పడుకున్న చాపతోపాటు వాటిని కూడా శవాన్ని ఎత్తిన రోజే పారేశారు. చెప్పుల లోకంలో నాకు తెలిసిన అంకె ఒక్కటే, నాది. "ఎనిమిది" అన్నాను.

"లేడీసుకా? ఎనిమిదంటే శానా పెద్దది గదా సార్?"

"ఎనిమిదే."

కొలతల విషయంలో నాతో ఎవరైనా వాదిస్తే నాకు గొంతు పెరుగుతుంది. ఉద్యోగం అయిపోయినా ఆ గొంతు పోలేదు. ఆయన కట్టి ఇచ్చాడు.

కర్మ సక్రమంగా జరిగిందనే అనుకున్నాను. రెండు వారాల తరువాత ఒక మధ్యాహ్నం వడమాలపేట నుంచి మా వదిన వచ్చింది, అంటే నా భార్యకు అక్క. చెల్లెలి చీరలు సర్దుతూ ఒక్కొక్కటే అడుగుతోంది. గొడుగు మంచిదిచ్చినావా, దుప్పటి మందంగా ఉండాదా, చెప్పులు ఎట్లాంటివి అని.

"మంచి చెప్పులే వదినా. ఎనిమిదో నంబరు."

ఆమె చేతిలో చీర అట్లాగే ఆగిపోయింది.

"ఎనిమిదా? ఏమప్పా, దాని కాలికి అయిదు గదా! సంటిబిడ్డ పాదాలు దానివి. మా నాయన దాన్ని 'పిచ్చికకాళ్ళదానా' అని పిలిసేవాడు. ఇన్నేళ్ళు కాపురం సేసినావు, యాడ సూస్తా ఉన్నావబ్బా నువ్వు?"

ఇన్నేళ్ళూ పేపరు చూస్తూ ఉన్నాను. ఊరూరా తిరిగి భూములు కొలిచే గొలుసు పట్టినవాణ్ణి. ఇంట్లో ఆమె కాలి గొలుసు ఎంత పొడుగో ఎరగను.

వదిన సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. ఇల్లు మళ్ళీ నాకే మిగిలింది. అప్పుడు మొదలైంది అవస్థ. కుర్చీలో కూర్చుంటే కళ్ళ ముందు ఒక దారి. ఆ దారిలో ఆమె. అడుగడుక్కీ చెప్పు జారిపోతోంది. ఆగి, వంగి, మళ్ళీ తొడుక్కుంటోంది. నేనిచ్చిన పాదరక్షలు కాస్తా పాదశిక్షలయ్యాయి. అలాంటి దారే లేదు కదా, నీకెందుకు దిగులు అని నన్ను నేను ఎన్నిసార్లు మందలించుకున్నానో. మందలింపు నాకు వినబడుతోంది. ఆ దారికి వినబడుతున్నట్టు లేదు.

ఈ విషయం మీద మేమిద్దరం చాలా ఏళ్ళు కొట్లాడుకున్నాం. స్వర్గం లేదు, నరకం లేదు, ఎవడూ చూడలేదు అనేవాణ్ణి. "నువ్వు సూళ్లూరుపేట కూడా సూడలేదు. అట్లని ఆడ రాకెట్టు లేయకుండా ఉండాదా?" అనేది. దానికీ దీనికీ సంబంధం లేదని నేను అరగంట వివరించేవాణ్ణి. ఆమె ఆ అరగంటలో చింతపండు గింజలు తీసేది.

ఒకసారి పుత్తూరు దగ్గర బీడు భూమిని కొలిచి, చదును నేల అని పటం గీశాను. మరుసటి వారం అదే చదును నేలలో ముళ్ళకంప కింద ఉన్న పాడుబావిలోకి నా కాలు మోకాలి దాకా దిగబడింది. కట్టు కట్టించుకుని ఇంటికొస్తే ఆమె పడీ పడీ నవ్వింది. "ఆ బావికి నీ పటం సూపించకపోయినావా? నేను ల్యాకుండా పోతినే అని సిగ్గు పడుండు."

నిజమే. నేను గీయలేదని బావి పూడిపోలేదు. అట్లని ఆమె నమ్మినంత మాత్రాన లేని దారి పుట్టుకొస్తుందా అంటే, అదీ నాకు ఒప్పుదల కాదు. ఉంటే నా కాదనడంతో పోదు. లేకపోతే ఆమె అవుననడంతో రాదు. ఇంతవరకూ లెక్క తేలుతుంది. కాకపోతే నా లెక్క తప్పయితే నొచ్చేది ఆమె పాదాలు. ఇదెక్కడి న్యాయమో నాకు అర్థం కాలేదు. కాదని వాదించింది నేను, నడుస్తున్నది ఆమె.

మరునాడు అదే అంగడికి వెళ్ళి అయిదో నంబరు జత అడిగాను. అంగడాయన నా ముఖం చూసి, వెనక పట్టీ ఉన్నది తీసిచ్చాడు. నెల మాసికం రోజున అరిటాకు పక్కన ఆ జత పెట్టగానే పురోహితుడు మంత్రం ఆపాడు.

"మళ్ళీ చెప్పులెందుకు సార్? ఆ రోజు ఇచ్చినారు గదా. మాసికానికి అవసరం లేదు."

"అవి పెద్దవి స్వామీ. ఆమెకు సరిపోవు."

"తప్పుగా అనుకోవద్దు. మీరు ఇవన్నీ నమ్మరని అమ్మగారు చెప్పేవారు."

"నమ్మను."

"మరి?"

"ఆమె నమ్ముతుంది."

నమ్మేది అనాలి. సరిదిద్దుకోలేదు. ఆయన కూడా సరిదిద్దలేదు. "సరే, నీళ్ళు వదలండి సార్" అన్నాడు.

ఉద్ధరిణతో నీళ్ళు అరచేతిలోకి తీసుకున్నాక ఆ చిన్న చెప్పుల వంక చూశాను. సాయంత్రమయ్యేసరికి ఆమె పాదాలు వాచేవి. గడప మీద కూర్చుని బొటనవేలితో మడమ పైన నొక్కి చూసుకునేది. నొక్కిన చోట గుంట పడి, చాలాసేపటికి గానీ పూడేది కాదు. అదంతా నేను చూశాను. చూసినట్టు నాకే తెలియకుండా చూశాను.

"ఒక్క నిమిషం స్వామీ" అని చేతిలో నీళ్ళు మళ్ళీ చెంబులో పోసి, రెండు చెప్పుల పట్టీలూ ఒక్కో రంధ్రం వదులు చేశాను.