రేవు మీద రెండో ముద్ద

మొన్న ఆదివారం సరస్సు రేవు మీద భోంచేస్తూ బావగారు రెండో ముద్ద మింగి, బాతుల్ని చూస్తూ ఊరుకున్నారు. అక్క చెయ్యి కంచంలో ఆగిపోయింది. నేనూ ఎత్తిన ముద్ద కంచంలోనే పెట్టేశాను. కాసేపటికి ఆయన, "పప్పులో ఉప్పు తక్కువైందే," అన్నారు. అప్పుడుగానీ మేమిద్దరం మళ్ళీ తినలేదు. ఈ భయం ఎక్కడిదో చెప్పాలంటే ఆ రేవు కట్టిన రోజుల దగ్గరికి వెళ్ళాలి.

అక్కావాళ్ళ ఇల్లు జర్మనీలో, బ్రెమెన్‌కి దగ్గర్లో, సరస్సు ఒడ్డునే. కరోనా మొదటి ఏడు అన్నీ మూసేసినప్పుడు, ఒంటరివాణ్ణని నన్నూ అక్కడికే రమ్మన్నారు. బావగారు రిటైరైన ఇంజినీరు. ఊరికే కూర్చుంటే అన్నం అరగని మనిషి. పడవ పెట్టుకోవడానికి నీళ్ళలో ఒక షెడ్డు, ఒడ్డు నుంచి దానిదాకా చెక్కల దారి కట్టాలన్నారు. దాన్ని ఇక్కడ స్టెగ్ అంటారు. గోదావరివాళ్ళం కాబట్టి మేం రేవు అన్నాం. ఆఫీసులో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరికి అనుమతి వచ్చేసరికి సగం వేసవి అయిపోయింది. నీళ్ళలో దుంగలు పాతడానికి పనివాళ్ళొచ్చారు, పలకలు బిగించడం మాత్రం మా వంతు. నేను కొట్టిన మేకులన్నీ వంగిపోయేవి. "మా బావమరిది మేకులకి కూడా వినయం నేర్పాడు," అనేవారు బావగారు. "ఇంత పొడుగు రేవెందుకండీ, పెళ్ళివారు నడవాలా?" అని అక్క దెప్పేది. పూర్తయిన రోజు దాని మీదే చాప పరుచుకుని భోంచేశాం. రెండో ముద్దకి ఆయన, "రేవు అదిరింది. పప్పులోనే ఉప్పు తక్కువైంది," అన్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఇదే వరస. "ఇన్నేళ్ళు నా చేతి ఉప్పు తిన్న విశ్వాసమైనా లేదు," అని అక్క మూతి ముడుచుకుంది.

మరుసటి వసంతంలో బావగారికి కరోనా వచ్చింది. అక్కకి ఉబ్బసం. అందుకని ఆయన దుప్పటి చంకన పెట్టుకుని షెడ్డులోకి వెళ్ళిపోయారు. "రేవు సగం దాటి వచ్చావో, పడవేసుకుని పోతాను," అని బెదిరించారు. అక్క క్యారేజీ రేవు మధ్యలో పెట్టి వెనక్కి వచ్చేది, ఆయన మాస్కు కట్టుకుని వచ్చి పట్టుకెళ్ళేవారు. డాక్టరు ఫోన్లో ఆక్సిజన్ అంకె అడిగేవాడు. అది బాగా తగ్గితే అంబులెన్సు పిలవాలి. ఆసుపత్రిలోకి మమ్మల్ని రానివ్వరు.

అక్కకి అంకెల మీద గురి లేదు. క్యారేజీ ఖాళీగా తిరిగొచ్చినా ఆవిడ మొహం వాడిపోయేది.

"ఒరే, ఉప్పు సంగతి ఎత్తట్లేదురా."

"ఈ జబ్బులో రుచి తెలీదక్కా."

"తెలీకపోతే పోనీరా. నన్ను తిట్టే ఓపిక కూడా పోయిందేమోనని నా భయం."

మర్నాడు నేను పప్పు నోట పెట్టుకుని ఉమ్మేశాను. అక్క కావాలనే ఉప్పు గుమ్మరించింది. "ఆయనకి బీపీ ఉందక్కా!" అని కేకలేశాను. "తెలుసురా! ఒక్కసారి తిట్టమను, మానేస్తాను," అని పొయ్యి దగ్గరే ఏడ్చేసింది. ఆయన ఆ పప్పు కూడా కిక్కురుమనకుండా తినేశారు. ఆ సాయంత్రం అంకె ఇంకాస్త తగ్గింది. ఫోను గుప్పిట్లో పెట్టుకుని రేవు మొదట్లో కూర్చున్నాను. నాకు తెలిసిన దేవుళ్ళందరూ ఆ రోజు వరసగా గుర్తొచ్చారు.

అంకె మరి దిగలేదు, అలాగని లేవనూ లేదు. నేను వద్దంటున్నా అక్క ఉప్పు తగ్గించలేదు. కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం షెడ్డులోంచి కేక వినిపించింది.

"ఏమేవ్! ఇది పప్పా, సముద్రమా?"

వెనకే దగ్గు. అక్క పరుగెత్తి, రేవు మధ్యలో గుర్తొచ్చి ఆగి, పలకల మీదే కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలీలేదు. "రేపట్నుంచి చప్పిడి కూడే పెడతాను, చచ్చినట్టు తినండి!" అని అరిచి, ఆ మాటకి తనే నాలిక్కరుచుకుంది.

ఇప్పుడా పలకలు బూడిద రంగుకి తిరిగాయి, నా వంకర మేకులు తుప్పు పట్టాయి. బావగారు మళ్ళీ పడవ తిప్పుతున్నారు. ఆ రోజులు గడిచిపోయాయనే అందరితో చెబుతుంటాం. మా భోజనాల దగ్గర మాత్రం కాలం ఇంకా రెండో ముద్ద దగ్గరే ఆగి, ఆయన ఏమంటారోనని చూస్తూ ఉంటుంది.