గాజుల లక్కతో వేసిన సర్కారు సీలు

ఆ రోజుల్లో, సర్కారు బీరువాలో పెట్టి తాళం వేస్తే ఏ వస్తువైనా, న్యాయంతో సహా, భద్రంగా ఉంటుందని నమ్మేవాణ్ణి. డెబ్బైల్లో మాట. ఎక్సైజు స్టేషన్‌లో కొత్తగా చేరిన జవానును (ఒంటికి రెండు సైజులు పెద్దదైన ఖాకీ చొక్కాతో). ఛత్రినాకలో పహిల్వాన్ అనేవాడి ఇంట్లో గుడుంబా పట్టుకున్నాం. సాక్షి కావాలనేసరికి గల్లీలో తలుపులన్నీ మూసుకున్నాయి. వాడి ఇంటి ముందే ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దమ్మ ఒక్కతే ముందుకొచ్చింది. "నా పెనిమిటి వీని తాననే తాగి తాగి మంచం వట్టిండు. వేలిముద్ర యాడెయ్యాలె?" అంది. పరీక్షకు పంపాల్సిన సీసాకు గుడ్డ చుట్టి, లక్క సీలు వేసి, నా చేతికి తాళాలిచ్చిన బీరువాలో పెట్టారు.

పంపాలంటే మా ఇన్‌స్పెక్టరు మీసాల సార్ సంతకం కావాలి. ఒకసారి బోనాల బందోబస్తు, ఇంకోసారి సెలవు, మరోసారి "ఏంది నీ లొల్లి? సీసా ఏమన్న ఉరుకుతదా?" ఒక్క సంతకానికి ఎనిమిది నెలలు! ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఈలోగా ఎలుకలు గుడ్డ కొరికి, లక్క పెచ్చులూడగొట్టాయి. ఆఫీసులో లక్క నిండుకుంది. నేనేమైనా తక్కువ తిన్నానా? లాడ్ బజార్ వెళ్లి గాజులు చేసే లక్క తెచ్చి ("షాదీ హై క్యా?" అని, పెళ్లి గాజులకేమో అనుకుని అడిగాడు దుకాణం భాయ్), కొత్త గుడ్డ చుట్టి, అందంగా సీలు వేశాను. చివరికి సీసా వెళ్లింది, సారాయే అని రిపోర్టూ వచ్చింది.

కోర్టులో పహిల్వాన్ వకీలు ఆ గుడ్డను ఎత్తి చూపాడు. సర్కారు సీలు తళుకులతో మెరిసిపోతోంది. "ఇదెవరు వేసిండ్రు?" అన్నాడు. "నేనే సార్! ఎలుకలు కొరికితె మల్ల మంచిగ వేసిన. ఎనిమిది నెలలు బిడ్డ లెక్క చూసుకున్న!" అన్నాను ఛాతీ విరిచి. "గన్ని నెలల్ల సీసాల ఏం పోసిండ్రో ఎవరికెరుక?" అన్నాడు వకీలు. కేసు కొట్టేశారు. సీలు నా ఇష్టానికి మార్చానని మర్నాటికల్లా నాకు మెమో వచ్చింది. ఎనిమిది నెలలు కదలని ఆ చేత్తోనే మీసాల సార్ దానిమీద సంతకం చేసేశాడు!

"సారానే అని రాసిండ్రు గద కొడుకా, మల్ల వాన్నెట్ల ఇడిసిండ్రు?" అంది పెద్దమ్మ. పహిల్వాన్ ఇంటి ముందు ఇక ఉండలేక, వారం తిరక్కముందే ఆమె ఇస్త్రీ బండిని హుస్సేనీ ఆలంకు తరలించుకుంది. వెనకనుంచి తోసింది నేనే. కోర్టులో ఛాతీ విరిచిన ఆ కుర్రాణ్ణి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ దారి పొడుగునా పెద్దమ్మ నన్ను ఒక్క మాటైనా తిట్టి ఉంటే, ఇంకాస్త హాయిగా నవ్వుకునేవాణ్ణి.