గడిలో పరీక్షా విందు

మా వంశ ప్రతిష్ఠ ఒక్క మీట నొక్కడంతో ఊరందరి ముందు ఎలా కూలిందో చెబుతాను. నొక్కిన వేలు నాదే. నవ్వండి, నాకు అలవాటైంది.

జమ్మికుంట మార్కెట్లో పత్తి ధరను పొద్దున్నే మా ఊరి రైతుల ఫోన్లకు పంపే సాఫ్ట్‌వేర్‌ను కొందరం కలిసి ఉచితంగా రాస్తున్నాం. కోడ్ బహిరంగం, ఎవరైనా చూడొచ్చు, తప్పు పట్టొచ్చు. ఆ రెండోదే నాకు మింగుడుపడేది కాదు. ఊరి దొర అయిన మా తాతగారికి, కోటలాంటి ఆయన గడిలో తప్పు చూపినవాడే లేడు. ఇప్పుడా గడికి సగం పైకప్పు కూడా లేదనుకోండి, అది వేరే సంగతి.

మాతో పనిచేసే శ్రీరాంపూర్ అమ్మాయి రజిత ఒకరోజు ఫోన్ చేసింది.

"సార్, సాఫ్ట్‌వేర్ పరీక్షలు నడిపితే ఉత్తుత్తి మెసేజ్‌లు నిజంగనే రైతుల ఫోన్లకు పోతున్నయి. పోకుండ అడ్డు రాసిన. జర చూసి మన కోడ్‌ల కలుపుండ్రి."

"నేను నడిపినా పోతయా?"

"ఎవలు నడిపినా పోతయి సార్. కంప్యూటర్‌కు దొరలు తెల్వదు."

ఆ ఒక్క మాటకు ఆమె మార్పును తిప్పికొట్టాను. కారణం: 'అనవసరం'. అంతటితో ఆగానా? పరీక్షకు అందరూ 'హలో' అని పంపుతారు. మా స్థాయికి అది తగునా? "ఈ మధ్యాహ్నం దొరవారి గడిలో ఊరందరికీ విందు" అని రాసి, మర్నాడు పొద్దున్నే నడిపాను. సందేశం చేరిందంటూ తెర పచ్చబడింది. ఎవరికి చేరిందని నేను అడగలేదు.

మధ్యాహ్నానికి ఊరంతా గడి ముందుంది. బాపు, అదే మా నాన్న, కండువా సర్దుకుంటూ బయటికొచ్చాడు.

"ఏందిరా గీ మంది? ఎవలన్న పోయిన్రా?"

"విందుకు వచ్చిన్రు బాపూ. నేనే పిలిచిన... పిలువలే గాని, పిలిచిన."

"ఇంట్ల ఏమున్నది?"

"పచ్చిపులుసు. మనిద్దరికి."

"గడికొచ్చినోళ్లు ఉత్త కడుపుతోని ఎన్నడు మర్లిపోలే. పో, తప్పు నీదేనని చెప్పు."

మా ఇంట్లో ఎవరికీ వాడుకలేని మాట అది. అయినా జనం ముందుకు నడిచాను. నేను నోరు తెరిచేలోపే, ముందు నిలబడ్డ లసుమవ్వ చేయెత్తింది.

"ఫికర్ జెయ్యకు చిన్నదొరా. మీ ఇంటి సంగతి మాకు తెల్వదా? బువ్వ, కూర మేమే వండుకొచ్చినం. మీకు గూడ తెచ్చినం. ఇస్తార్లు పరువు."

విస్తరాకులు పరిచాను. బాపు కూర రెండుసార్లు వేయించుకున్నాడు. నేను మెడ నిటారుగా పెట్టుకునే తిన్నాను. అందువల్ల సగం చొక్కా మీదే పడింది.

రజిత మార్పును ఆ సాయంత్రమే కలిపాను. ఇకపై మరొకరు చూసి సరేననిదే నా కోడ్‌లో ఒక్క అక్షరం కూడా బయటికి పోదని, మా వంశ గౌరవం సాక్షిగా ఘనమైన ప్రమాణం రాసి, ముందుగా ఆమెకే పంపాను.

'వంశ గౌరవం' కొట్టేసి తిప్పి పంపింది. పక్కనే కారణం: "పరీక్షకు నిలువలే సార్."