ఆయనకు నువ్వేమైతవ్?

దాదర్‌లో బస్సెక్కి ఫోన్‌లో తెలుగులో మాట్లాడుతుంటే, పక్కసీటులోని పెద్దావిడ నా మోచేయి పట్టుకుంది.

"పాలమూరా బిడ్డా?"

కాదన్నా వదల్లేదు. వకీలు దగ్గర్నుంచి కామాటిపురలో, వరసగదుల చాల్‌లోని తన ఇంటికి తిరిగి వెళుతోందట. ఆమె మనిషి తాపీపని చేస్తూ, కడుతున్న బిల్డింగ్ మీంచి పడి చనిపోయాడు. నడుముకు తాడు కూడా ఇవ్వని కంట్రాక్టరు మీద కేసు వేయాలని ఆమె పట్టుదల.

"ముందుగాల నువ్వు ఆయనకేమైతవో చూపెట్టమన్నడు వకీలు. మాకు పెండ్లి కాలే బిడ్డా. ఇన్నేండ్లు ఒక్క రూం ఖోలీల సంసారం చేసినం. ఊర్ల ఆయన పెండ్లాం ఉన్నది. కేసేసే హక్కు ఆమెదేనంట."

"ఆమెను అడిగారా అమ్మా?"

"కాళ్లు పట్టుకున్న. నాకక్కర లేదు పొమ్మన్నది."

బోసి చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు వాటినే చూసుకుంది.

"ఆయన పోయిననాడు చాల్ ఆడోళ్లందరు కూడి నా గాజులు పగలగొట్టిన్రు. అప్పుడు ఎవ్వరూ అడగలే, నువ్వు ఆయనకేమైతవని."

కామాటిపుర పక్కనే ఉన్న ఫాక్‌లాండ్ రోడ్డులో ఆమె మెల్లగా దిగిపోయింది. ఆ కేసు ఇక ఎవరూ వేయరని ఇద్దరికీ తెలుసు.

ఇప్పటికీ ఎవరైనా నా పక్కనున్న మనిషిని చూపించి "మీ ఆయనా?" అని మామూలుగా అడిగితే, అవునని చెప్పడానికి నాకు ఒక క్షణం పడుతుంది.